ఉత్ప్రేరక రేణువు చిన్నదైతే సరిపోతుందా?

పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ తయారీపై ఒక వ్యాసం చదివాను. ఉత్ప్రేరక (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థపు) రేణువు ఎంత చిన్నదైతే పాలిథిలిన్ అంత నాణ్యంగా ఉంటుందని వ్యాసకర్త రాసినది సగమే నిజం. ఇథిలిన్ వాయువును పాలిథిలిన్‌గా మార్చే ఘనరూప జీగ్లర్-నాటా ఉత్ప్రేరకంపై పెరిగే ప్లాస్టిక్ రేణువు చాలావరకు దాని ఆకారాన్నే పుణికిపుచ్చుకుంటుంది. గ్రాము ఉత్ప్రేరకానికి 8,000 గ్రాముల పాలిమర్ (అంటే ప్లాస్టిక్) వస్తే, సాంద్రతల తేడాను పక్కనపెట్టి లెక్కించినప్పుడు, అడ్డుకొలత 20 రెట్లవుతుంది, అంటే 40 మైక్రాన్ల రేణువు 800 మైక్రాన్ల గింజగా, ఇంచుమించు బొంబాయి రవ్వ పలుకంతగా తయారవుతుంది. మరీ సన్నని పొడి అయితే వాయుస్థితి రియాక్టర్‌లో వాయుప్రవాహంతో పైకి కొట్టుకుపోయి, స్థిర విద్యుత్తు వల్ల గోడలకు అంటుకుని, వేడి తగ్గక కరిగి పెచ్చులు కట్టే ప్రమాదముంది. మరీ పెద్ద రేణువులతోనూ తిప్పలే: లోపలి వేడి త్వరగా బయటపడదు, ఇథిలిన్ నడిమధ్యకు చేరడం ఆలస్యమవుతుంది, పెరిగే క్రమంలో రేణువు సరిగా పగలకపోతే మిగిలిన ఉత్ప్రేరకపు ముక్కలు పల్చని ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూసినప్పుడు చుక్కల్లా కనిపిస్తాయి, సంచి చిరగడం ఆ చుక్క దగ్గరే మొదలుకావచ్చు. ప్లాస్టిక్ సాంద్రతను ప్రధానంగా సహమోనోమర్ (ఇథిలిన్‌తో పాటు కలిపే మరో చిన్న అణువు), అణుభారాన్ని హైడ్రోజన్ నియంత్రిస్తాయి కనుక వాటిని రేణువు ఖాతాలో వేయలేము. నా దృష్టిలో సగటు పరిమాణం కన్నా రేణువులన్నీ దాదాపు ఒకే కొలతలో ఉండటమే ముఖ్యం. వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు.