కూల్చివేత గారికి ఒక ఇంటి ఓనరు విన్నపం

అయ్యా కూల్చివేత గారూ,

పేపర్లో మీ పేరు రోజూ చూస్తున్నాను. అధికారులు మాత్రం మిమ్మల్ని ఆ పేరుతో పిలవరు. ‘ఆక్రమణల తొలగింపు’ అంటారు, పంటి మీద గార తీసేసినట్టు. అక్కడ నిలబడి చూసినవాళ్లు ‘కొట్టేశారు’ అంటారు. టీవీ వాళ్లకు ‘నేలమట్టం’ కావాలి, స్క్రోలింగులో దిట్టంగా కనబడుతుంది. ప్రభుత్వాలు పడిపోయినా మీ పేరే వాడతారు. ఆ పనికి జేసీబీ అక్కర్లేదు, ఎమ్మెల్యేలు చాలు.

నా బాధంతా మీ టైమింగ్ గురించే. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, లేఅవుట్ వేస్తున్నప్పుడు మీరు కనబడరు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ కట్టించుకున్నప్పుడు, బ్యాంకు లోన్ ఇచ్చినప్పుడు, కరెంటు మీటరు బిగించినప్పుడు, ఇంటి పన్ను వసూలు చేసినప్పుడూ అంతే. గృహప్రవేశం అయ్యాక, అదీ కోర్టులు మూసి ఉండే శని, ఆదివారాలు చూసుకుని దిగుతారు. సెలవు రోజున కూల్చాల్సిన తొందరేమిటని 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాను తెలంగాణ హైకోర్టే అడిగింది.

అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు మీకు పద్ధతి నేర్పింది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కూల్చేదంతా వీడియో తీయాలి. చదివితే ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త చదివితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల్లో కట్టినవాటికి ఇది వర్తించదట. అదీ న్యాయమే, చెరువును మింగితే వానాకాలం పక్క కాలనీ మునుగుతుంది. కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆ ఎఫ్‌టీఎల్ మ్యాపు, అదే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేది, స్థలం కొన్న రోజున మాకెవరూ చూపించలేదేం?

రాజకీయాల్లో మాత్రం మీకు పక్షపాతం లేదు. 2019 జూన్‌లో, అంతకుముందు చంద్రబాబు ప్రభుత్వం ఉండవల్లిలో కట్టిన ప్రజావేదిక హాల్లోనే కలెక్టర్ల సదస్సు పెట్టి, ఇక్కడ ఇదే ఆఖరి మీటింగ్ అని అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ ప్రకటించారు. మర్నాడు రాత్రే మీరు హాజరు. అయిదేళ్లకు ప్రభుత్వం మారింది, తాడేపల్లిలో కడుతున్న ఆయన పార్టీ ఆఫీసు వంతొచ్చింది. మీకేం, కండువా మార్చుకుంటే సరిపోతుంది.

మీకో సవతి అక్క ఉంది, క్రమబద్ధీకరణ. 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద వెయ్యి రూపాయలు కట్టి ఆవిడ కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంకా రాలేదు. ఆవిడకంటే ముందు మీరొచ్చేస్తారేమోనని టెన్షన్. దయచేసి మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి. రాక తప్పదంటే సోమవారం, పదిన్నర దాటాక రండి. మా లాయరు గారు అప్పటికి కోర్టులో ఉంటారు.

ఇట్లు,
రసీదు లామినేషన్ చేయించి దాచుకున్న ఒక ఇంటి ఓనరు