ఆ "నో" ఎవరు పెట్టారు?

పొద్దున సర్కారు ఆఫీసులు సరుకులు కొనే జెమ్ పోర్టల్ చూసిన మా తమ్ముడు ఫోన్ నా చేతిలో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా మేడ మీదికి పోయాడు. బిడ్ టెక్నికల్ దశలోనే డిస్‌క్వాలిఫై. కారణం, అనుభవం సర్టిఫికెట్ లేదట. సాయంత్రమైనా నా ఒళ్లు మండుతూనే ఉంది.

వాడు చేసింది ట్యాంకు నిండగానే మోటార్ ఆపే పెట్టె. మొదట స్టీలు రాడ్లతో చేశాడు. మన అనంతపురం ఉప్పు నీళ్ల సంగతి తెలిసిందే కదా, రెండు నెలలకే రాడ్ల మీద సున్నంలా తెల్లగా పేరుకుంది. మూడుసార్లు మార్చి, చివరికి నీళ్లు తగలకుండా పైనుంచే మట్టం కొలిచే సెన్సర్ పెట్టాడు. ఏడాదికి పైగా మా మేడ మీద పనిచేస్తోంది. టెండర్ పిలిచిన కేంద్ర ఆఫీసు క్వార్టర్స్‌లో ట్యాంకు పొంగి పొంగి గోడంతా పాచి పట్టింది, నేనే చూశాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో!

మూడేళ్ల అనుభవం కావాలట. వాడు కంపెనీ పెట్టిందే రెండేళ్ల కింద. మొదటిసారి ఎవరూ కొనకపోతే అనుభవం ఎక్కడినుంచి తేవాలి? కేంద్రం 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 173వ రూల్ చూడండి. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు సరిపోతే స్టార్టప్‌లకు పాత టర్నోవర్, అనుభవం షరతులు సడలించవచ్చు అని ఉంది. ఆ "వచ్చు" దగ్గరే మా పిల్లల బతుకు ఆగిపోతోంది. బిడ్ కాగితంలో స్టార్టప్ మినహాయింపు అనే లైన్‌కు ఎదురుగా "నో" పెట్టేస్తారు, అంతే. కొత్తది కొని చెడిపోతే సంతకం పెట్టినాయనను ఆడిట్‌లో నిలదీస్తారు. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినాయన, దగ్గర పాత సరుకే కొని, అది ఆర్నెల్లకు మూలపడితే అడిగే దిక్కు లేదు. ఆ భయం పోనంతవరకు ఏ రూలూ పనిచేయదు. "నో" పెడితే ఎందుకో రాయమనండి. లేదా రెండు పెట్టెలు కొని ఆర్నెల్లు వాడి చూడమనండి, నచ్చకపోతే వెనక్కి పంపమనండి.

కొన్నాకైనా సుఖముందా? చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచే చట్టముంది. మా నాన్న ఒక సర్కారు హాస్టల్‌కు ఇనుప మంచాలు చేసిస్తే బిల్లు రావడానికి రెండేళ్లు పట్టింది. పోయినప్పుడల్లా "బడ్జెట్ రాలేదు, వచ్చే వారం రా". ఈలోపు అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి, వెల్డింగ్ షాపులో ఇద్దరు పనోళ్లు మానేశారు. అందుకే తమ్ముడు టెండర్ వేస్తానంటే అమ్మ "గవర్నమెంటోళ్ల జోలికి పోవద్దు నాయనా" అంది. నేనే పట్టుబట్టి వేయించాను.

రేపు పదకొండుకు ఆ ఆఫీసుకు పోతున్నాను. ఆ "నో" ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రాసివ్వమని అడుగుతాను. పెట్టె కూడా తీసుకుపోతాను. వాళ్లు ఒక బకెట్ నీళ్లు ఇస్తే చాలు, అక్కడే చూపిస్తాం.