టకటకా, గడగడా, లొడలొడా?

కొత్త మోటార్‌సైకిల్ మూగది. పదేళ్లు దాటాక దానికి మాటలొస్తాయి. ఒకసారి నోరు విప్పిందా, ఇక ఆపదు. చిక్కల్లా అది ఏమంటోందో యజమానికి అర్థం కాకపోవడమే.

నిజానికి తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది రాకూడదు. టిక్కుటిక్కు, టకటక, గడగడ, లొడలొడ, గరగర, కిర్రుకిర్రు, బుస్సుబుస్సు... బండికొచ్చే ప్రతి జబ్బుకూ మన దగ్గర ఓ మాట సిద్ధంగా ఉంది. అయినా మెకానిక్ ముందు నిలబడేసరికి ఈ నిఘంటువంతా ఆవిరైపోయి ‘ఏదో సౌండ్ వస్తోందండీ’ అన్న ఒక్క ముక్క మిగులుతుంది. ఎలాంటి సౌండో చెప్పమంటే యజమాని రెండు చేతులూ గాల్లో ఆడించి, బుగ్గలు పూరించి ఓ ధ్వని చేస్తాడు. అలాంటి ధ్వని చేసే ఇంజన్‌ను ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. సరే స్టార్ట్ చేసి చూద్దామంటే బండి అత్తవారింటికొచ్చిన కొత్తల్లుడిలా బుద్ధిగా కూర్చుంటుంది. ఇందులో మాయేం లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వచ్చే శబ్దం, షెడ్డు దాకా నడిపి ఇంజన్ వేడెక్కాక పోయింది, అంతే. అలాంటి బండిని రాత్రే షెడ్డులో వదిలి, పొద్దున మొదటి కిక్ మెకానిక్ చేతే కొట్టించాలి.

ఒక పాత బండి అనుకుందాం. గాలికి చల్లబడే ఒంటి సిలిండర్, ఫోర్ స్ట్రోక్. దానికో యజమాని. యజమానికో పక్కింటాయన. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమంటోంది. పక్కింటాయన గోడ అవతలి నుంచే, చెవి కూడా ఇటు తిప్పకుండా తీర్పు చెప్పేశాడు: “ఇంజన్ దించాల్సిందేనండీ!”

ఇంజన్ దించేముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది, తాళాల గుత్తి పీకేసి ఒక్క తాళంచెవితో బండి నడపడం. నవ్వకండి. హ్యాండిల్ దగ్గర ఇనుప రేకుకు కొట్టుకునే గుత్తి కోసం ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పిన వీరులున్నారు. తర్వాత బండి స్లోలో (యాక్సిలరేటర్ తిప్పకుండా, నిలిపి) ఉండగా చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని చైన్ కవరు, సైడ్ ప్యానెల్, నంబర్ ప్లేటు, హారన్ క్లాంపు, సైలెన్సర్ మీది రేకు, వీటిని ఒక్కొక్కటిగా అదిమి చూడాలి. ఏది నొక్కితే లొడలొడ ఆగిందో అదే దొంగ. సీటు కింద మరిచిపోయిన పానా కూడా ఇంజన్ గొంతును అద్భుతంగా అనుకరిస్తుంది. ఇంజన్ ఆపి బండిని తోసినా శబ్దం వస్తోందంటే ఇంజన్‌ను వదిలేసి చైను, స్ప్రాకెట్లు, చక్రాల బేరింగులు, బ్రేకులు చూసుకోవాలి.

మన యజమాని ఇవన్నీ చూశాడు. టిక్కుటిక్కు ఆగలేదు. ఆయిలూ చూశాడు. బండిని సైడ్ స్టాండు మీద వాల్చి చూశాడనుకోండి, అలా చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది. నిటారుగా నిలిపి మళ్లీ చూస్తే సరిగానే ఉంది.

ఇక క్లచ్. న్యూట్రల్‌లో గడగడమని, లివర్ నొక్కగానే నోరు మూస్తే క్లచ్ హౌసింగ్ మీదో గేర్‌బాక్స్ బేరింగు మీదో అనుమానం పెట్టుకోవాలి. నొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడదీసే బేరింగును అడగాలి. ఈ బండి నొక్కినా నొక్కకపోయినా టిక్కుటిక్కే.

ఇప్పుడు తాళం చూడాలి, సంగీతంలో తాళం. స్లోలో నిమిషానికి 1200 చుట్లు అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, క్రాంకు, సెకనుకు 20 సార్లు తిరుగుతుంది. వాల్వులను తెరిపించే క్యామ్ అందులో సగం, 10 సార్లు. సైలెన్సర్ డుగుడుగు కూడా సెకనుకు 10 సార్లే, ఎందుకంటే ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకోసారి పేలుడు. కాబట్టి లెక్క పెట్టే బాధ లేదు. ఒక్కో ‘డుగు’కు ఒక్కో ‘టిక్’ పడితే చూపు పైకి, వాల్వుల వైపు. రెండేసి పడితే కిందికి, క్రాంకు వైపు. మన బండిలో డుగుకో టిక్. “ట్యాపెట్లే!” అని యజమాని ఎగిరి గంతేశాడు. ట్యాపెట్లంటే వాల్వులను నొక్కే మీటల చివరి స్క్రూలు. డుగుకో టిక్ ఇచ్చేది ట్యాపెట్లొక్కటే కాదన్న సంగతి ఆయనకు ఇంకో రెండు రోజుల దాకా తెలియదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి ముందరి ఎముకకు అదిమితే అది స్టెతస్కోపు. వదులు చొక్కాలూ, వేలాడే తువ్వాళ్లూ దూరంగా పెట్టి వినాలి. హెడ్ మీదొకసారి, సిలిండర్ మీదొకసారి, కింద కేసు మీదొకసారి పెట్టి ఎక్కడ గట్టిగా ఉందో పోల్చుకోవడానికే ఈ సాధనం పనికొస్తుంది. పోల్చకుండా ఒక్కచోటే వింటే, నిక్షేపంలా ఉన్న ఇంజన్ కూడా ఇనుప సామాను మెట్ల మీంచి దొర్లుతున్నట్టు వినిపిస్తుంది. మనవాడు హెడ్ మీద మాత్రమే విని చెమటలు తుడుచుకున్నాడు.

ట్యాపెట్ సందు, అంటే ఆ స్క్రూకూ వాల్వు కాడకూ మధ్య ఖాళీ, సరిచేయడం కష్టమేం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్ తీసేస్తే క్రాంకు తేలిగ్గా తిరుగుతుంది. మ్యాగ్నెట్ (క్రాంకు చివరి చక్రం) మీది ‘టి’ గీతను కేసు మీది గుర్తుకు కలపాలి, పక్కనే ఉండే ‘ఎఫ్’ గీతకు కాదు, అది స్పార్క్ కోసం. కలిపాక రెండు రాకర్లనూ, అంటే వాల్వులను నొక్కే ఆ మీటలను, వేళ్లతో కదిపితే కొంచెం ఆడాలి. బిగుసుకుని ఉంటే పిస్టన్ పైనే ఉన్నా అది రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఇంకో చుట్టు తిప్పాలి. సందు ఎంతుండాలో బండి పుస్తకంలో ఉంటుంది. చిన్న ఇంజన్లలో చాలావాటికి 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య. మందం రాసి ఉండే ఫీలర్ గేజ్ రేకు సందులో కాస్త పట్టుకుంటూ జారాలి.

మన యజమాని ‘టి’ కలిపాడు, రాకర్లు కదపలేదు. తీరా అది ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌టేక్ మొదలయ్యే చోటు. రెండు వాల్వులూ కొంచెం తెరుచుకుని ఉంటాయి, సందనేదే ఉండదు. లేని సందును స్క్రూలు విప్పి విప్పి పుట్టించాడు. స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కు వినపడలేదు. రాళ్లు పిండి చేసే మిల్లు వినపడింది. గోడ అవతలి నుంచి: “అప్పుడే చెప్పా, దించాల్సిందేనని.”

రోషం వచ్చింది. ఈసారి గేజ్ పక్కన పడేసి, ఒక్కో స్క్రూ బిగించడం, స్టార్ట్ చేసి వినడం, మళ్లీ బిగించడం. చివరికి హెడ్ నిశ్శబ్దమైంది. పట్టు పరిచినట్టుంది. విజయగర్వంతో ఓ పది కిలోమీటర్లు తిరిగొచ్చి, గేటు ముందు ఆపి, మళ్లీ కిక్ కొడితే కాలు ఖాళీ గాలిలోకి దిగిపోయింది. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఒత్తిడి, లేదు. ఇంజన్ వేడెక్కాక వాల్వు కాడ సాగింది, సాగడానికి చోటు లేక వాల్వు పూర్తిగా మూసుకోలేదు. అలాగే నాలుగు రోజులు నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. అందుకే పాత మెకానిక్కులు కాస్త చప్పుడు చేసే ట్యాపెట్‌ను చూసి కంగారు పడరు. అసలు చప్పుడు చేయనిదే వాళ్లకు అనుమానం. ఏమైతేనేం, మనవాడి బండి చప్పుడు మొత్తానికి పోయింది.

మర్నాడు చల్లారాక, రాకర్లు కదిపి చూసి, సందు పుస్తకంలో ఉన్నట్టే పెట్టాడు. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో తిరుగుతుంది, అందుకే బిగించాక గేజ్ మళ్లీ పెట్టి చూశాడు. స్టార్ట్ చేశాడు. మొదటి రోజు వచ్చిన టిక్కుటిక్కే, అక్షరం తేడా లేకుండా.

అప్పుడు కింద కూలబడ్డాడు. కూలబడ్డం వల్లే కనపడింది: పొగను సైలెన్సర్‌కు తీసుకెళ్లే బెండ్ పైపు సిలిండర్ హెడ్‌లోకి దూరే చోట నల్లటి మసి, ఫిన్నుల (ఇంజన్‌ను చల్లబరిచే రేకుల) మీద విసనకర్ర పరిచినట్టు. ఆ కీలులో సందు మూసే ఉంగరం, సైలెన్సర్ గ్యాస్కెట్, నలిగిపోయింది, ఓ నట్టు వదులు. ప్రతి పేలుడుకీ అక్కడి నుంచి ఓ ఊపు గాలి ‘టిక్’ మని తప్పించుకుంటోంది. అందుకే డుగుకో టిక్. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి కాసేపటికి తగ్గేది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆ కీలు మీద సబ్బు నీళ్లు చల్లి ఉంటే మొదటి రోజే బుడగలు వచ్చి చెప్పేవి.

పాత రాగి గ్యాస్కెట్ తరచుగా లోపలే అతుక్కుని ఉంటుంది. దాన్ని గీకి తీయకుండా పైన కొత్తది పెడితే పైపు సరిగా కూర్చోదు. తీసి, కొత్తది పెట్టి, రెండు నట్లనూ కొంచెం ఇటు, కొంచెం అటు మార్చి మార్చి బిగించాడు. ఒకదాన్నే ముందు బిగిస్తే పైపు వంకరగా కూర్చుని ఇంకోవైపు ఊదుతుంది.

ఇంతసేపూ నవ్వులాటే గానీ ఒక్క శబ్దం దగ్గర నవ్వొద్దు. యాక్సిలరేటర్ తిప్పి బరువు పడ్డప్పుడు కింది కేసులోంచి సుత్తితో కొట్టినట్టు ధన్‌ధన్‌మని వస్తే అది కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు కావచ్చు. ‘ఇంటిదాకా మెల్లగా వెళ్దాం’ అనుకోకుండా అక్కడే ఆపేయాలి, బండిని మోయించుకుని తీసుకెళ్లాలి. ఆయిల్ దించితే మ్యాగ్నెట్ ఉన్న బోల్టుకు బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలే. గోటికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనపడితే మాత్రం పక్కింటాయన చెప్పిందే నిజం.

కొత్త గ్యాస్కెట్ వేసిన పొద్దున బండి మెత్తగా డుగుడుగుమంటోంది. పక్కింటాయన గోడ దగ్గరికొచ్చి, ఈసారి నిజంగానే చెవి ఇటు పెట్టి, తృప్తిగా తలాడించాడు.

“ఇంజన్ దించారు కదూ? వింటుంటేనే తెలుస్తోందండీ.”