రోలర్ తిప్పితే గడ్డి రాదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. "ఇంటి వెనకే స్టేడియం: 21 రోజుల్లో పచ్చటి గ్రౌండ్, ఎనిమిది సూత్రాలు" అని మొదలవుతుంది, "పిల్లలున్న ప్రతి ఇంటికీ పంపండి" అని ముగుస్తుంది. మొదటిసారి చూసి వదిలేశాను. రెండోసారి పంపినతనికి ఫోన్ చేసి తప్పని చెప్పాను, అతనే ఇంకో గ్రూపులో మళ్లీ పెట్టాడు. నాలుగోసారి పంపింది మా మేనకోడలు. "మావయ్యా, రేపే రోలర్ అద్దెకు తెస్తున్నాం, ఒకసారి చూసి చెప్పు" అని కింద రాసింది. పదకొండేళ్లుగా పిల్లలు రోజూ బంతి ఆడే పెరటి గడ్డిని చూసుకుంటున్నవాణ్ని. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

రేపు రాబోయేది రోలర్ కాబట్టి ఎనిమిదో సూత్రంతోనే మొదలుపెడతాను. "వారానికోసారి బరువైన రోలర్ తిప్పండి. నేల సిమెంటులా గట్టిపడితే బంతి బాగా లేస్తుంది, గడ్డి ఒత్తుగా వస్తుంది."

ఇది రాసినవాళ్లు క్రికెట్ పిచ్ మీద రోలర్‌ను చూసి గ్రౌండంతా అలాగే చేస్తారనుకున్నారు. పిచ్ అంటే 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పట్టీ. బంతి లేవాలి కాబట్టి దాన్ని బంకమట్టితో కట్టి, తడిపి, ఆరబెట్టి, రోలర్‌తో గట్టిపరుస్తారు. మ్యాచ్ నాటికి అక్కడి గడ్డిని నేలకంటా కత్తిరిస్తారు. ఆట అయ్యాక ఆ పట్టీకి విశ్రాంతినిచ్చి మళ్లీ గడ్డి పెంచుతారు. పెద్ద గ్రౌండ్లలో అలాంటి పట్టీలు పక్కపక్కనే అన్ని ఉండేది అందుకే. పిల్లలు పరిగెత్తి, దూకి, పడే చోటు పిచ్ కాదు, దాని చుట్టూ ఉండే పచ్చిక, ఔట్‌ఫీల్డ్.

మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉంటే వేరు హాయిగా కిందికి దిగుతుంది. రోలర్ మొదట మూసేది మట్టిలోని పెద్ద రంధ్రాలనే. నీరు ఇంకేదీ గాలి ఆడేదీ వాటిలోంచే. అవి మూసుకుపోతే వాన నీరు పైనే నిలుస్తుంది, వేర్లు పైపైనే ఉండిపోతాయి, నాలుగు రోజులు ఎండ కాస్తే గడ్డి వాడిపోతుంది. గడ్డి పోయిన చోట గట్టి నేలను తట్టుకునే కలుపు మొక్కలు చేరతాయి. అది చూసి మెసేజ్‌లోని ఏడో సూత్రానికి వెళ్తారు. దాని గురించి కింద చెబుతాను.

నాకు తెలిసిన ఒక ఇంట్లో రెండేళ్లు ఇలాగే తిప్పారు, అదీ వాన పడ్డ మర్నాడు, తడి మీదైతే బాగా అణుగుతుందని. నేలకు అంతకంటే నష్టం చేసే పని లేదు. వాళ్ల అబ్బాయి క్యాచ్ కోసం దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నేల మెత్తగా ఉంటే విరిగేది కాదని నేను అనలేను. కానీ ఆ నేలలోకి స్క్రూడ్రైవర్ రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు. మీరూ చూసుకోండి: నీళ్లు పెట్టిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని చేత్తో నొక్కండి. జానెడు లోతుకు సులువుగా దిగిందా, నేల బాగుంది. దిగకపోతే కావాల్సింది రోలర్ కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని.

గడ్డి జోరుగా పెరిగే రోజుల్లో నాలుగు ముళ్ల ఫోర్కును నాలుగైదు అంగుళాలు దించి, కొంచెం వెనక్కీ ముందుకీ ఊపి తీయాలి. జానెడుకో పోటు చొప్పున మొత్తం స్థలమంతా. వీపు నొప్పి పుడుతుంది, అబద్ధం చెప్పను. మట్టిని చిన్న చిన్న కడ్డీల్లా పైకి లాగే మిషన్ అద్దెకు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే అది మట్టిని పక్కకు నెట్టదు, బయటికి తీసేస్తుంది. తర్వాత జల్లించిన కంపోస్టు పల్చగా చల్లి, చీపురుతో ఆ రంధ్రాల్లోకి తోయాలి. ఎగుడుదిగుళ్లు కూడా ఇలాగే పోతాయి: గుంటలో గడ్డి కొనలు కనిపించేంత పల్చగా మట్టి వేసి, గడ్డి పైకి వచ్చాక మళ్లీ వేస్తూ. విత్తనం చల్లాకో, గడ్డి పలకలు (మట్టితో సహా కోసి తెచ్చిన గడ్డి) పరిచాకో, మట్టికి అతుక్కోవడానికి తేలికైన రోలర్‌ను ఒకే ఒక్కసారి తిప్పితే తప్పులేదు. ప్రతి వారం కాదు.

ఏడో సూత్రం: "కలుపు కనిపిస్తే కల్లుప్పు చల్లండి, రసాయనాల కంటే సురక్షితం."

ఉప్పు! గడ్డి పెంచాలనుకునే నేలలో ఉప్పు! ఉప్పుకు ఏది కలుపో ఏది గరికో తెలియదు. కలుపుతో పాటు చుట్టూ ఉన్న గడ్డినీ చంపుతుంది. అంతటితో ఆగదు. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువుల నుంచి కాల్షియాన్ని తోసేసి ఆ చోటు తాను తీసుకుంటుంది, మట్టి గుల్లతనం పోయి పైన పెచ్చు కడుతుంది. కొన్ని కలుపు మందులు కొన్నాళ్లకు నేలలో విరిగిపోతాయి. ఉప్పు విరగదు, బోలెడు నీటితో కిందికి కడిగితే తప్ప అక్కడే ఉంటుంది. ఇంట్లో ఉండే వస్తువైతే చాలు, సురక్షితమని ఎవరు చెప్పారండీ వీళ్లకి? ఒత్తైన గడ్డే కలుపుకు అసలు మందు. మిగిలినదాన్ని నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకండి. తుంగ మాత్రం మొండిది, భూమిలో గడ్డలుంటాయి. ఒకసారి పీకితే పోదు, వచ్చినప్పుడల్లా పీకుతూ దాన్ని నీరసపరచాలి.

ఇక మొదటిది, శీర్షికలోని 21 రోజులు. బెర్ముడా పేరుతో ప్యాకెట్లలో అమ్మేది గరికే. వెచ్చటి నేలలో కూడా ఆ విత్తనం మొలవడానికే ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. 21వ రోజున మీకు కనిపించే పచ్చదనం ఇంకా వేరు పట్టని మొలకలది. ఒక్క సాయంత్రం పిల్లలు పరిగెత్తితే మళ్లీ మొదటికొస్తారు. ఆటను తట్టుకోవడానికి రెండు మూడు నెలలు ఆగాలి. గడ్డి పలకలు పరిస్తే రెండు మూడు వారాలకు వేరు పడుతుంది. మూల పట్టుకుని లాగితే పైకి లేవనప్పుడే ఆడనివ్వండి.

"ఏ గడ్డైనా సరే, చెట్టు నీడలోనైనా సరే." కాదు. గరికకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. అది వెచ్చటి ప్రాంతాల గడ్డి. చలి ప్రాంతాల్లో వేసేవి బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ. వీటిలో గరిక, బ్లూగ్రాస్ భూమిలోపలి కాండాలతో పాకి, చిరిగిన చోటును తామే కప్పుకుంటాయి. రైగ్రాస్ పక్కకు పాకకుండా గుత్తులుగా పెరుగుతుంది, అరిగిన చోట మళ్లీ విత్తనం వేయాల్సిందే. బంతి ఆడే చోటుకు గడ్డి ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

"నేల అద్దంలా సమంగా ఉండాలి." అక్కర్లేదు. నీరు పోవడానికి నూటికి ఒకటి రెండు వంతుల వాలు కావాలి. లండన్‌లోని లార్డ్స్ మైదానం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాదాపు రెండున్నర మీటర్లు వాలి ఉంటుంది, అక్కడ టెస్టు మ్యాచ్‌లే జరుగుతాయి.

"రోజూ ఉదయం సాయంత్రం కాసేపు నీళ్లు చిలకరించండి." విత్తనం చల్లిన మొదటి రెండు వారాల వరకు ఈ మాట నిజమే, పై పొర ఆరకూడదు. ఆ తర్వాత కూడా అలాగే చేస్తే వేర్లకు కిందికి దిగాల్సిన పని ఉండదు. గడ్డి కుదురుకున్నాక వారానికి మొత్తం 25 మిల్లీమీటర్ల నీరు, ఒకటి రెండు విడతల్లో, లోతుగా తడిసేలా. వాన పడితే అంత తగ్గించండి. స్ప్రింక్లర్ కింద ఖాళీ డబ్బా పెట్టి కొలవొచ్చు. ఎండలు మండే రోజుల్లో ఇంకొంచెం కావాలి.

"వింబుల్డన్‌లా నెలకోసారి నేలకంటా కత్తిరించండి, ముక్కలన్నీ ఊడ్చేయండి." వింబుల్డన్‌లో టెన్నిస్ టోర్నమెంటు రోజుల్లో గడ్డి ఎత్తు 8 మిల్లీమీటర్లు, రోజూ కోస్తారు, దానికోసం ఒక బృందమే ఉంటుంది. అదీ రైగ్రాస్. నెల పాటు పెంచిన గడ్డిని ఒక్కసారిగా నేలకు తెస్తే ఆకంతా పోయి గోధుమ రంగు కాడలు మిగులుతాయి. ఒక కోతలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. పెరటి గరికను అంగుళం నుంచి అంగుళంన్నర మధ్య ఉంచండి, పెరిగే కాలంలో కనీసం వారానికోసారి కోయండి, బ్లేడు పదునుగా ఉండాలి. చిన్న ముక్కల్ని అక్కడే వదిలేయండి, వాటిలోని నత్రజని తిరిగి నేలకే చేరుతుంది.

"చదరపు గజానికి గుప్పెడు యూరియా, పది రోజులకోసారి." యూరియాలో 46 శాతం నత్రజని. 100 చదరపు మీటర్లకు ఒక విడతకు కిలో, కిలో నూరు గ్రాములు చాలు, అంటే చదరపు మీటరుకు ఒక పెద్ద చెంచాడు. పెరిగే కాలంలో నెలకో విడత, వేసిన వెంటనే నీళ్లు. గుప్పెడు వేస్తే గడ్డి మాడుతుంది. ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్ చివర్లో, ఎనిమిదింటిలోనూ చేరని ఒక వాక్యం ఉంది: "గోల్ ముందు గడ్డి కోసం పోరాడకండి, గోల్‌నే జరపండి." మొదటిసారి చదివినప్పుడు దీన్నీ కొట్టిపారేశాను. నిజానికి గోల్ ముందు నేను మూడుసార్లు గడ్డి పలకలు పరిచాను, మూడుసార్లూ నెలన్నరకే మట్టి తేలింది. ఒకే చోట రోజూ పాదాలు తిరిగితే ఏ జాతీ నిలవదు. ఇప్పుడు రెండు వారాలకోసారి గోల్‌ను జరుపుతున్నాం, బ్యాటింగ్ చేసే చోటుకు మాత్రం గడ్డి ఆశ వదులుకుని మట్టిగానే ఉంచాం. ఆ వాక్యం రాసినవారికి గడ్డి సంగతి తెలుసు. మిగతా ఎనిమిదీ వారు రాసినవని నాకు నమ్మకం కలగడం లేదు.

ఆ వాక్యాన్ని పాటించేవాళ్లు ఇంకొకటి కూడా చేయాలి, మెసేజ్‌లో అది లేదు. గోల్‌ను జరిపిన ప్రతిసారీ వెనక కడ్డీని మేకులతో నేలకు బిగించండి, లేదా ఇసుక బస్తాలు వేయండి. బిగించని గోల్ పోస్టు మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. మా మేనకోడలికి ఇందాకే ఫోన్ చేసి రోలర్ వద్దన్నాను, మేకులు కొనమన్నాను.