గ్రూపు పేరు కాదు, సంఖ్య ముఖ్యం

డాకర్ కంటైనర్ (ప్రోగ్రామును మిగతా యంత్రం నుంచి విడిగా నడిపే పెట్టె) లోపల నడిచే వీడియో సర్వర్‌కు గ్రాఫిక్స్ కార్డు అందకపోతే ‘ప్రివిలేజ్డ్’ ఐచ్ఛికం పెట్టమని నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత సూచించారు. అది పనిచేస్తుంది గానీ, తాళం తెరుచుకోలేదని గోడ కూల్చినట్లే. హోస్ట్‌లోని, అంటే కంటైనర్ నడిచే అసలు యంత్రంలోని, డిస్కులతో సహా పరికరాలన్నీ కంటైనర్ చేతికి వెళ్తాయి. ‘డివైస్’ ఐచ్ఛికంతో గ్రాఫిక్స్ కార్డుకు దారి అయిన రెండర్‌డి128 అనే ఒక్క ఫైలును అప్పగిస్తే చాలు.

ఆ తరువాత కూడా అనుమతి లేదనే సందేశం వస్తే, లోపలి ప్రోగ్రాము రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) కాని వినియోగదారుగా నడుస్తోందేమో చూడాలి. ఆ ఫైలు సాధారణంగా హోస్ట్‌లోని ‘రెండర్’ గ్రూపుకు చెందుతుంది. అయితే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పరిశీలించేది గ్రూపు పేరును కాదు, దాని సంఖ్యను, పైగా ఒకే పేరుకు హోస్ట్‌లో ఒక సంఖ్య, ఇమేజ్‌లో (కంటైనర్‌కు ఆధారమైన మూసలో) మరో సంఖ్య ఉండవచ్చు. నేను పేరు ఇచ్చి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. హోస్ట్‌లో ఆ ఫైలు గ్రూపు సంఖ్యను చూసుకుని, లోపలి ప్రోగ్రామును గ్రూపులో చేర్చే ‘గ్రూప్ యాడ్’ ఐచ్ఛికానికి దానినే ఇవ్వడం సరైన పద్ధతి.

ఫైలుకు 666 అనుమతులు (అందరికీ చదివే, రాసే హక్కు) ఇచ్చేయమన్న సలహా మాత్రం అసలు వద్దు. యంత్రాన్ని పునఃప్రారంభించగానే ఆ మార్పు పోతుంది, ఉన్నంతసేపూ హోస్ట్‌లోని ప్రతి వినియోగదారుకూ ఆ కార్డును వాడుకునే వీలుంటుంది. శాశ్వతమైన మార్పు కావాలంటే యూడెవ్ (పరికరాల ఫైళ్లను, వాటి అనుమతులను చూసుకునే లినక్స్ భాగం) నియమం రాసుకోవాలి.