ఆ జాడీ మీద కొబ్బరికాయ నిలవదు

మన తెలుగు సంఘం ఉగాది నాడు వేదిక మీద జరిగింది అందరూ చూసిందే. ఏటా మనకు హాలు ఇచ్చే కొరియన్ సంఘం పెద్దలు ఒక ఆకుపచ్చ జాడీ కానుకగా తెచ్చారు. మైకులో "చైనా పింగాణీ కూజా" అన్నారు, నవ్వులు పడ్డాయి. కాసేపటికి కలశం చెంబు ఎవరి ఇంట్లోనో ఉండిపోయిందని తేలింది. ఆ జాడీలోనే పసుపు నీళ్లు పోసి, మామిడాకులు గుచ్చి, కొబ్బరికాయ ఎక్కించారు. కాయ దొర్లింది, జాడీ ఒరిగింది, పంతులుగారు పట్టుకోబట్టి దక్కింది. ముందు వరుసలో ఆ పెద్దలు చప్పట్లు కొట్టారు. మర్యాద వాళ్లది.

కాయ దొర్లడం పంతులుగారి తప్పు కాదు. చెంబుకి పొట్ట కింద, మూతి వెడల్పు. ఈ జాడీని మేబ్యంగ్ అంటారు. దీని బరువంతా భుజాల్లో ఉంటుంది, కిందికి వచ్చేసరికి నడుం సన్నబడుతుంది, మూతి బొటాబొటిగా ఉంటుంది. కొరియాలో తేఆన్ తీరం దగ్గర మాదో ద్వీపం పక్కన మునిగిన ఒక ఓడను 2010లో తవ్వితే, సుమారు 1200 నాటి మేబ్యంగ్‌లు రెండు వెదురు చీటీలతో సహా దొరికాయి. రాజధానిలోని ఒక సైనికాధికారి ఇంటికి పంపిన సరుకు అది. ఒకదాంట్లో తేనె, రెండోదాంట్లో నువ్వుల నూనె. అంటే మన ఆవకాయ జాడీకి దగ్గరి చుట్టం. తడి చెయ్యి తగలనివ్వకుండా జాడీని కాపాడుకునే మనం, దీన్ని చూసి నవ్వాం.

"చైనా" అన్నమాటలో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఆకుపచ్చ గ్లేజు (మట్టిపాత్ర మీద గాజులా మెరిసే పూత) విద్య దక్షిణ చైనా యుయే బట్టీల నుంచే నాటి కొరియా అయిన గొర్యో రాజ్యానికి (918–1392) చేరింది. కానీ 1123లో చైనా సోంగ్ చక్రవర్తి పంపిన రాయబార బృందంలో వచ్చిన షూ జింగ్, గొర్యో వాళ్లు ఈ రంగును బిసేక్ (జేడ్ రాతి పచ్చ) అంటారని ప్రత్యేకంగా రాసుకున్నాడు. నేర్పిన ఇంటివాడే మెచ్చిన రంగు. 1146లో చనిపోయిన ఇంజోంగ్ రాజు సమాధిలో దొరికిన దోసకాయ ఆకారపు సీసా మీద పొదుగుడు బొమ్మ ఒక్కటీ లేదు, రంగే దాని నగ. 1159 నాటి ఒక అధికారి సమాధిలో దొరికిన గిన్నెలో మాత్రం తెల్లమట్టి పొదిగిన తీగలున్నాయి.

ఈ పొదుగుడు పేరు సంగ్గామ్. కొరియన్ల గర్వం ఇక్కడే ఉంది. నల్ల లోహంలో వెండి పొదిగే బిద్రీ పని తెలిసినవారికి సగం చెప్పక్కర్లేదు: గాడి చెక్కు, వేరే పదార్థం నింపు, పైన సమం చెయ్యి. తేడా ఏమిటంటే బిద్రీలో లోహం, వెండి రెండూ కుంచించుకుపోవు. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కాలేటప్పుడు మళ్లీ కుంచించుకుపోతుంది. అందుకే సారె మీంచి దించిన జాడీని అర ఆరుదలలో పట్టుకోవాలి. నొక్కితే సొట్ట పడకూడదు, ఉలికి మాత్రం పెళుసుగా రాలకుండా తెగాలి. మరీ తడిగా ఉంటే గాడి అంచులు వాలిపోతాయి, మరీ ఆరితే పెచ్చులు లేస్తాయి. గాడిలో తెలుపు కావాలంటే తెల్లమట్టి, నలుపు కావాలంటే ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి. ఎర్రది బట్టీలో నల్లబడుతుంది. ఒక్కసారే మందంగా మెత్తితే ఆరినప్పుడు అంచు దగ్గర బీటలు వారి ఊడిపోతుంది. పలుచగా రెండు మూడు సార్లు నింపి, పైకి ఉబ్బిన మట్టిని గీకేస్తే గీత చురుగ్గా నిలుస్తుంది. తొందరపడి గీకితే తెల్లమట్టి ఆకుపచ్చ మీద పాలు చిందినట్టు పులుముకుంటుంది.

తర్వాత 700–800 డిగ్రీల దగ్గర ఒక కాల్పు, ఆపైన గ్లేజు, మళ్లీ సుమారు 1200 డిగ్రీల కాల్పు. గ్లేజు పలుచగా, పారదర్శకంగా ఉండాలి. లోంగ్‌చువాన్ అనే చైనా బట్టీల వాళ్లలా మందంగా పోస్తే ఈ జాడీ మీద పొదిగిన కొంగలు మునిగిపోతాయి. గ్లేజులో ఒకటి రెండు శాతం ఇనుమే ఆ రంగుకు మూలం, గాలి దాన్ని శాసిస్తుంది. చివరి గంటల్లో గాలి రంధ్రాలు మూసి, కట్టెలు ఎక్కువ వేసి పొగ పెడితే, మంటకు చాలని ఆక్సిజన్ ఇనుము నుంచి పోతుంది, పచ్చ వస్తుంది. ఒక రంధ్రం సరిగా మూయకపోయినా అది మురికి పసుపు, గోధుమ రంగుల్లోకి దిగుతుంది. కొరియాలోని గంగ్జిన్, బుఆన్ బట్టీల దగ్గర ఇలా చెడిపోయిన పెంకుల దిబ్బలే ఉన్నాయి. మేలు రకం పాత్రను తిరగేస్తే అడుగున మూడు చిన్న తెల్ల మచ్చలు కనిపిస్తాయి. గ్లేజు అంటుకోకుండా తెల్లరాతి ముక్కల మీద నిలబెట్టి కాల్చిన గుర్తు అది.

మనకిచ్చినది నకలే. అసలు సియోల్‌లోని కాన్సోంగ్ మ్యూజియంలో ఉంది. ఆ నకలు మీద కూడా గుండ్రటి చట్రాల్లోని కొంగలు పైకి, బయటవి కిందికి ఎగురుతాయి. తిప్పి చూస్తే తెలుస్తుంది, ఆ రోజు ఎవరూ తిప్పలేదు. జపాన్ వలస పాలన కాలంలో సమాధులు తవ్వి ఇలాంటివి అమ్ముకుపోతుంటే, జోన్ హ్యోంగ్-పిల్ అనే కొరియన్ కళాసేకర్త 1935లో ఆ ఒక్క జాడీకి 20,000 వోన్‌లు పెట్టి దేశం దాటకుండా ఆపాడు. అప్పటి సియోల్‌లో ఇరవై ఇళ్ల వెల అని చెప్పుకుంటారు. దాని నకలు ఎవరికైనా ఇచ్చారంటే, ఇంట్లో మనిషిగా లెక్క.

ఇంకో సంగతి. గొర్యో కుమ్మరులు ఆకుపచ్చలో చేసిన నీటి పాత్రల్లో ఒకటి కుండిక, బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లింది. భుజం మీది మూతిలో నీళ్లు పోస్తారు, పైనున్న సన్నటి గొట్టంలోంచి వంచుతారు. కలశానికి చుట్టరికం కావాలంటే దాన్ని వెతుక్కోవాల్సింది, మేబ్యంగ్‌ని కాదు.

కార్యవర్గానికి మనవి. జాడీ ఇప్పుడు స్టోర్ రూములో మడత కుర్చీల వెనక ఉంది. గ్లేజులో వెంట్రుకవాసి పగుళ్లుంటాయి, పసుపు వాటిలోకి దిగితే రాదు. బ్లీచింగ్, పీచు వద్దు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఎత్తేటప్పుడు మూతి పట్టుకోకండి, ఒక చెయ్యి అడుగున, ఒకటి భుజం మీద. చుసోక్ అనే కొరియన్ల పంటల పండక్కి వాళ్లు మనల్ని పిలుస్తారు. ఈసారి శాలువా కాకుండా ఒక బిద్రీ పాత్ర తీసుకెళ్దాం, గాడి చెక్కి నింపిన పని వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. అదే రోజు మైకులో "మేబ్యంగ్" అని సరిగ్గా పలికి, ఉగాది నాటి నవ్వుకు క్షమాపణ కూడా చెప్పాలి. పోయిన చెంబు ఎవరింట్లో ఉందో వారు దయచేసి దసరాలోపు తెచ్చివ్వండి.