తప్పంతా చేపలదే

తెలంగాణలో ఏ ఊరి చెరువులోనైనా చేపలు పెంచే మత్స్యకారుల సొసైటీ నష్టపోతే జనం అధ్యక్షుడి మీద పడతారు. ఇది అన్యాయం. నిష్పక్షపాతంగా చూస్తే తప్పంతా చేపలదే.

2016 నుంచి ప్రభుత్వం చేప పిల్లల్ని ఉచితంగా ఇస్తోంది. వానాకాలం చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80-100 మిల్లీమీటర్లవి. టెండర్లు తేలి, లారీలు కదిలి, నాయకుడికి తీరిక దొరికేసరికి ఒక్కోచోట దసరా దాటుతుంది. ఆక్సిజన్ నింపిన సంచులు గట్టు మీద ఎండలో పడుకుని ప్రసంగం మొత్తం వింటాయి. ఆ తర్వాత ఒక సంచి విప్పి నీళ్లలో వంపుతారు. ఫొటో. ఎన్ని పిల్లలొచ్చాయని అడిగితే కాగితం చూపిస్తారు. కాగితం మీద ఒక్కటీ చావలేదు. చెరువులో చచ్చాయంటే అది క్రమశిక్షణ లేకపోవడమే కదా!

బతికినవైనా బుద్ధిగా ఉంటాయా? కొర్రమీను నోరు తెరిస్తే రవ్వ చేప పిల్లలు అందులోకే పోతాయి. చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడికి జాలీ కట్టాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది, డబ్బులెవరు పెట్టాలన్నది మాత్రం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. ఈలోపు వాన కొట్టింది. బొచ్చె చేపలు మినిట్స్ బుక్కు చూడకుండానే కింది ఊరి చెరువుకు వలస పోయాయి. మిగిలినవి యాసంగి వరికి తూము ఎత్తిన రైతుతో ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. ఎండాకాలంలో చెరువులన్నీ ఒకేసారి అడుగంటితే సంఘాలన్నీ ఒకేసారి వల వేస్తాయి. ఐసు ఉండదు, బండి ఉండదు. పండక్కి అడ్వాన్సు ఇచ్చిన దళారి మాత్రం గట్టు మీదే ఉంటాడు. ఆయన చెప్పిందే రేటు. ఆ రేటుకు ఒప్పుకునేలా పుట్టడం చేపల ఖర్మ.

బాగుపడ్డ సంఘాలూ లేకపోలేదు, వాటి గురించి రాయాలంటేనే నాకు చిరాకు. అక్కడ అతిథి ముందే సంచి విప్పించి పిల్లల్ని లెక్కపెడతారు, ఎంత అమర్యాద! సంచుల్ని కాసేపు నీటి మీద తేలనిచ్చి, లోపలి నీళ్ల వేడి చెరువు నీళ్లతో సమానమయ్యాకే వదులుతారట. రాత్రి కాపలాకు వంతులేసుకుంటారు, అధ్యక్షుడికీ వంతే. తూము దగ్గర ఎంత నీరు ఆపాలో నాట్లకు ముందే రైతులతో మాట్లాడుకుంటారు. అమ్మకం లెక్కలు అందరి ముందూ చదువుతారు. ఇక పదవికి విలువేముంటుంది?

నాదొక సూచన. సొసైటీలో సభ్యత్వానికి నైపుణ్య పరీక్ష ఉంది. వల విసరాలి, ఈత కొట్టాలి. చిట్టా రాయడం మీద ప్రశ్న ఉండదు, మనుషుల్ని అంత ఇబ్బంది పెట్టడం భావ్యం కాదు. ఆ పేపరేదో చేపలకే పెట్టాలి. ఈత వాటికి ఎలాగూ వచ్చు, ఏటా ఫెయిలయ్యేది లెక్కల్లోనే.